బ్యాటరీకి బొట్టు పెట్టిన నేరం

బండి వెనక్కి నడవడం ఎంత పెద్ద సంగతో రెండు కాళ్ళూ బాగున్నవాళ్ళకు చెప్పినా అర్థం కాదు. వాళ్ళు కాళ్ళు నేలకు ఆనించి, అటూ ఇటూ చూసుకుని, బండిని వెనక్కి నెట్టుకుని వెళ్ళిపోతారు. నాకు చిన్నప్పుడే పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. వెనక చక్రానికి రెండు పక్కలా చిన్న చక్రాలు బిగించిన పెట్రోలు స్కూటర్ మీద పదిహేనేళ్ళు బడికి వెళ్ళాను. ముందుకు పోవడానికి నాకు ఎవరి సాయమూ అక్కర్లేదు. వెనక్కి తియ్యాలంటే మాత్రం ఎవరో ఒకరు ఉండాలి. "బాబూ, కాస్త వెనక్కి లాగుతావా" అనే మాట బ్యాంకు ముందు, కూరగాయల కొట్టు ముందు, మందుల షాపు ముందు, బడి గేటు ముందు ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. లాగినవాళ్ళంతా మంచివాళ్ళే. ఒక్కరు కూడా విసుక్కోలేదు. అయినా అడగడం నాకు ఒక్కనాడూ అలవాటు కాలేదు.

అందుకే చీరాలలో ఒక షోరూములో కరెంటు స్కూటర్ చూసిన రోజు నాకు బాగా గుర్తు. హ్యాండిల్ మీద ఒక బటన్ నొక్కితే అది దానంతటదే మెల్లగా వెనక్కి నడిచింది. ధర అడగకుండానే కొంటానన్నాను. అమ్మకాలు చూసే అతను ఇంకా మైలేజీ గురించి, చార్జింగ్ గురించి చెబుతూనే ఉన్నాడు. నేను ఆ బటన్ నొక్కుతూ షోరూములో వెనక్కి, వెనక్కి, గోడ దాకా వెళ్ళాను.

"ఇన్సూరెన్స్ బంపర్ టు బంపర్ అండి మేడం. మీరు కళ్ళు మూసుకుని నడపొచ్చు" అన్నాడతను. కళ్ళు మూసుకుని నడపమని చెప్పే బీమా మీద నాకు అప్పుడే అనుమానం రావలసింది. స్కూటర్‌కి బంపర్లే ఉండవన్న సంగతి కూడా తట్టలేదు. అతను చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాను. పక్క చక్రాలు బిగించాక రవాణా ఆఫీసుకు రెండుసార్లు తిరిగి, ఆర్‌సీలో ఆ మార్పు ఎక్కించుకున్నాను. కాగితాల విషయంలో నేను జాగ్రత్త మనిషిని.

ఆ షోరూములో ఉన్నవన్నీ ఇప్పుడు ఒక్కొక్కటిగా గుర్తొచ్చి కడుపు మండుతుంది. దసరా ఆఫర్ బోర్డు మీద బంతిపూల దండ వేసి, పసుపు కుంకుమలు అద్దిన స్కూటర్ బొమ్మే ఉంది. బండి నా చేతికిచ్చేటప్పుడు వాళ్ళే లైటు మీద బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఫోటో తీసి పంపారు. గోడకున్న టీవీలో అదే స్కూటర్ మోకాటిలోతు వరద నీళ్ళలో చేపలా పోతోంది. అమ్మేటప్పుడు వాళ్ళకు పూజా ముద్దే, నీళ్ళూ ముద్దే.

మా నాన్న పురోహితులు. పర్చూరులోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ట్రాక్టరు కొన్నా, మిరపకాయలు గుంటూరు యార్డుకు తోలే వ్యాను కొన్నా ఆయన చేత పూజ చేయించాక గానీ రోడ్డెక్కించరు. ఆయనకో పద్ధతి ఉంది. మిగతావాళ్ళు ముందు భాగాన స్వస్తిక్ వేసి, నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టించి సరిపెడతారు. నాన్న దానికి ఒప్పుకోరు. "ప్రాణం ఉన్నచోట బొట్టు పెట్టాలిరా" అని బానెట్ ఎత్తిస్తారు. ఇంజిను మీద గంధం, కుంకుమ పెట్టి, కలశంలోని పసుపు నీళ్ళు మామిడాకుతో మూడుసార్లు చల్లుతారు. రైతులకు ఆ పద్ధతంటే గురి. ఎవరి ట్రాక్టరైనా దుక్కిలో మొరాయిస్తే, "పంతులుగారి చేత ఇంజినుకి బొట్టు పెట్టించావంట్రా" అని అడిగేవాళ్ళను నేను చూశాను. నా పెట్రోలు స్కూటర్‌కి కూడా పదిహేను దసరాలు అలాగే జరిగింది. దానికేమీ కాలేదు.

దసరా రోజున కొత్త బండిని వాకిట్లో కడిగి నిలబెట్టాం. నాన్న గంధం గిన్నెతో వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగారు. ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకు తెలియలేదు.

"ఏమే అమ్మాయ్, దీనికి ప్రాణం ఎక్కడుంది?" అన్నారు.

ఇక్కడ నా తప్పు నేను చెప్పుకోవాలి. నేను బడిలో సైన్సు చెబుతాను. తడి చేతులతో స్విచ్ ముట్టుకోవద్దని ఏటా పిల్లల చేత వల్లె వేయిస్తాను. ఆ నేనే సీటు ఎత్తి, క్లిప్పు విప్పి, బ్యాటరీకి వైరు కలిసే చోట ఉన్న రబ్బరు మూత కూడా తీసి, "ఇదిగో నాన్నా, ఇక్కడుంది" అని చూపించాను. నా బండిని ఆయనకు విప్పి చూపించడంలో నాకు అంత గర్వంగా ఉంది మరి.

ఆయన బొట్టు పెట్టారు. మూడుసార్లు చల్లారు. అక్కడితో ఆగితే ఏమయ్యేదో తెలియదు. నా వైపు ఒకసారి చూసి, "ఒంటరిగా తిరిగే పిల్లవి" అని, కలశంలో మిగిలిన నీళ్ళన్నీ దాని మీద వంపేశారు. ఏ రైతు ట్రాక్టరుకీ ఆయన అలా చెయ్యలేదు. ఆపమని చెప్పాలని నాకు తోచలేదు. నాన్న మంత్రం చదువుతూ నీళ్ళు పోస్తుంటే చేతులు జోడించి తల వంచడమే నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

సెలవుల్లో బండి బాగానే తిరిగింది. బడి తెరిచిన రెండో రోజు సాయంత్రం ఇంటికొస్తుంటే, రెండు పక్కలా మిరప తోటలున్న చోట ఒక్కసారిగా ఆగిపోయింది. ఏ బటన్ నొక్కినా పలకలేదు. సీటు కింద నుంచి కాలిన వాసన వచ్చింది. ఆ రోడ్డు మీద నేను నడవగలిగింది మహా అయితే నాలుగు కరెంటు స్తంభాల దూరం. కలుపు తీతకు వెళ్ళి తిరిగొస్తున్న ఆడవాళ్ళు నలుగురు నన్ను చూశారు. "మీరు దిగమాకండి టీచరుగారూ, కూర్చోండి" అని, నన్ను బండి మీదే ఉంచి పక్క ఊరిదాకా నెట్టుకుంటూ వచ్చారు. పొద్దుటి నుంచీ వంగి వంగి కలుపు తీసిన నడుములవి. నేను సిగ్గుతో హ్యాండిల్ పట్టుకుని కూర్చున్నాను. వాళ్ళేమో ఊరేగింపు లాగుందని నవ్వుకుంటూ నడిచారు.

షోరూములో మెకానిక్ బ్యాటరీ విప్పి, అందులో ఎర్రగా అంటుకున్న కుంకుమను, పచ్చగా తుప్పు పట్టిన పిన్నులను ఫోన్లో ఫోటోలు తీసుకున్నాడు. బయటి నీళ్ళు లోపలికి పోయాయి కాబట్టి వారంటీ రాదన్నాడు.

"మరి టీవీలో వరదలో పోతోంది కదయ్యా?" అన్నాను.

"అది మూత పెట్టి ఉన్నప్పుడండి" అన్నాడు.

సరే, మూత తీసింది నేనే. వారంటీ మాట వదిలేశాను. కొత్త బ్యాటరీ ధర చెప్పారు. అది వెయ్యడమంటే ఇంకో బండి కొన్నంత పని. ఇల్లు కట్టిన అప్పు తీరుస్తూ, నాన్న మందులు కొంటూ, ఒక్క జీతం మీద నడిచే ఇల్లు మాది. ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకున్నాను. ఇన్సూరెన్స్ అనేదే మనిషి పొరపాటు కోసం పుట్టింది కదా. నేను తూలి కల్వర్టును గుద్ది ఉంటే డబ్బు ఇస్తారు. పార్కు చేసిన లారీని నా అజాగ్రత్తతో నేనే ఢీకొట్టినా ఇస్తారు. తప్పే చెయ్యని మనిషి అసలు బీమా ఎందుకు కడుతుంది?

పది రోజులకు సర్వేయర్ వచ్చాడు. నష్టం ఎంతో, ఎందుకో చూసి కంపెనీకి రాసే మనిషి. మర్యాదస్తుడే. కాఫీ ఇస్తే తాగాడు. ముందుగా పక్క చక్రాల ఫోటో చూసి, "ఇది మార్పు కిందకి వస్తుంది కదండీ మేడం" అన్నాడు. నా కాలు మార్పించుకోవడానికి వీలు కాలేదు, బండిని మార్పించుకున్నానని అందామనుకున్నాను. నోరు అదుపులో పెట్టుకుని ఆర్‌సీ అతని ముందు పెట్టాను. అతను చూసి పక్కన పెట్టి, రాసిన రిపోర్టు ముక్క చదివి వినిపించాడు. బ్యాటరీ కనెక్టర్‌లో 'గుర్తు తెలియని పసుపు రంగు ద్రవం' కనిపించిందట.

లోపలి గదిలో ఉన్న నాన్నకు ఆ మాట వినిపించింది. గుమ్మంలోకి వచ్చి, "గుర్తు తెలియకపోవడమేమిటి నాయనా? పసుపు నీళ్ళు. మీ ఇంట్లో పసుపు వాడరూ?" అన్నారు.

సర్వేయర్ ఇబ్బందిగా నవ్వాడు. నాన్న మళ్ళీ లోపలికి వెళ్ళాక గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. "పెట్రోలు బండైతే ఏ భాగం పోతే ఆ భాగం వేస్తామండి. దీనికి బ్యాటరీ పోతే సగం బండి పోయినట్టే. ఈ బండ్లు పెరిగిన కొద్దీ ఇలాంటి క్లెయిములు పెరుగుతున్నాయి. బ్యాటరీ పేరెత్తితే చాలు పైవాళ్ళు భూతద్దం పట్టుకుని కూర్చుంటున్నారు. పూజ చేశామంటే ఒక్కటి కూడా పాస్ కాదండి. మీరొక పని చెయ్యండి. వాననీళ్ళలో మునిగిందని ఒక్క లైను రాసివ్వండి. వరద మన పాలసీలో ఉంది. మిగతాది నేను చూసుకుంటాను."

నిజం చెబితే రూపాయి రాదు. అబద్ధం చెబితే బ్యాటరీ వస్తుంది. ఇంత పెద్ద కంపెనీ, ఇన్ని పేజీల నిబంధనలు, చివరికి వాళ్ళ మనిషే మా ఇంట్లో కూర్చుని, మా కాఫీ తాగి, అబద్ధానికి మాత్రమే కవరేజీ ఉందని నాకు చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా కాగితం తీసుకున్నాను. ఇది దాచను. ఆ బటన్ కోసం ఆ ఒక్క అబద్ధం రాయడానికి నేను సిద్ధపడ్డాను. తేదీ వేసి, 'కురిసిన భారీ వర్షానికి' అని రాశాను కూడా.

ఈసారి నాన్న వచ్చి నా భుజం మీదుగా చూశారు.

"ఏ రోజున కురిసిందే వాన?" అన్నారు.

దసరా దాటిన ఆ పదిహేను రోజులూ ఊళ్ళో చినుకు లేదు. నాటిన మిరప మొక్కలు వాడిపోతుంటే రైతులు ట్యాంకర్లతో నీళ్ళు తోలి చెంబులతో పాదుపాదుకూ పోస్తున్నారు. మబ్బు పట్టిందా అని ఊరంతా తలెత్తి చూస్తున్న రోజుల్లో, మా వాకిట్లో ఒక్క బండి మీదే వరద వచ్చిందని రాస్తున్నాను.

"పంతులుగారూ, మీ అమ్మాయిగారి మంచి కోసమేనండి" అన్నాడు సర్వేయర్.

"నేను పోసిన నీళ్ళు వాన పోసిందని ఎట్లా రాస్తారయ్యా? తప్పు నాది. నేనే పోశానని నేను రాసిస్తాను" అన్నారు నాన్న. నా చేతిలోని కలం తీసుకుని, ఇంకో కాగితం మీద తన గుండ్రటి అక్షరాలతో నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టారు. అడ్డుపడాలనుకున్నాను. అప్పటికే ఆయన కాగితాన్ని సర్వేయర్ ముందుకు జరిపారు. సర్వేయర్ ఆ కాగితం ఫోటో తీసుకుని, తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నేను నాన్నతో మాట్లాడలేదు. ఇంత సత్యం మనకెందుకని నాకు కోపం. నిజం చెప్పినందుకు కన్నతండ్రి మీద కోపం తెచ్చుకునేలా చేశారన్నది ఆ కంపెనీ మీద నా అసలు కోపం.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంటే నాన్న చదివి చెప్పమన్నారు. పాలసీదారు కుటుంబ సభ్యుని ఉద్దేశపూర్వకమైన చర్య వల్ల నష్టం జరిగింది కాబట్టి క్లెయిము తిరస్కరిస్తున్నామని దాని సారాంశం. ఆ ఉద్దేశపూర్వకం అన్న మాట దగ్గర నా గొంతు లేచింది. ఎవరో పగబట్టి నా బండికి నిప్పు పెట్టినట్టు రాశారు.

నాన్న మాత్రం తలూపారు. "అబద్ధమేం రాయలేదే వాళ్ళు. ఉద్దేశంతోనే పోశాను. ఉద్దేశం లేకుండా పూజేమిటి?" అన్నారు. ఆ ఉద్దేశం ఏమిటో కూడా రాయాలి కదా వాళ్ళు అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

పైవాళ్ళకు రాశాను. ఆ పైవాళ్ళకు రాశాను. మా ఊళ్ళో, మా జిల్లాలో కొత్త బండికి పూజ చెయ్యని ఇల్లు ఏదో చూపించమని రాశాను. పూజ చేసే జనానికే పండగ ఆఫర్ పెట్టి అమ్మి, ఏ భాగం మీద నీళ్ళు పడకూడదో ఒక్క ముక్క తెలుగులో చెప్పని మీరు, కుంకుమ కనిపించగానే నేరస్థుల్ని పట్టుకున్నట్టు ఫోటోలు తీస్తారా అని అడిగాను. ప్రతిదానికీ నిమిషంలో ఒకే జవాబు వచ్చింది. మీ అభిప్రాయం మాకు విలువైనదట, ధన్యవాదాలట. గోడకు చెప్పుకున్నా ఇంతకన్నా నయం, గోడ కనీసం ధన్యవాదాలు చెప్పదు.

ఏడాది తిరిగేసరికి అదే కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. పాలసీ గడువు అయిపోతోందని, బ్యాటరీకి విడిగా రక్షణ పథకం ఉందని, పోయినసారి మీరు తీసుకోలేదని చెప్పింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు, నిజమే. కానీ అలాంటిదొకటి ఉందని తెలియని మనిషి ఎలా అడుగుతుంది? బంపర్‌కీ బంపర్‌కీ మధ్యన బ్యాటరీ లేదా అమ్మా అన్నాను. ఆ పిల్లకు అర్థం కాలేదు.

"ఈ రక్షణలో దసరా పూజ వస్తుందా?" అని అడిగాను.

ఎవరినో కనుక్కుని వచ్చింది. "సారీ మేడం, పూజ అనే ఆప్షన్ లేదండి. వరద ఉంది, మంటలు ఉన్నాయి, ఎలుకలు వైర్లు కొరికితే కూడా ఉందండి" అంది.

ఎలుక కొరికితే ఇస్తారు. ఎలుకకైనా వినాయకుడి వాహనమన్న గౌరవం దక్కిందిలే అన్నాను. పాపం, జీతానికి ఫోను చేస్తున్న పిల్ల మీద అరవడం ఇష్టం లేక పెట్టేశాను.

నాన్నకు జరిగింది మాత్రం ఏ కాగితంలోనూ లేదు. ఇప్పుడు మా వైపు బ్యాటరీ ఆటోలు, బ్యాటరీ స్కూటర్లు చాలా వచ్చాయి. పూజకు తీసుకొస్తే ఆయన ముందుగా "పెట్రోలా, బ్యాటరీనా?" అని అడుగుతారు. బ్యాటరీ అంటే ఆమడ దూరాన నిలబడి నాలుగు అక్షింతలు వేసి చేతులు కడుక్కుంటారు. మొన్నొక ఆటో అతను సీటు ఎత్తి, "ప్రాణం ఉన్నచోట బొట్టు పెట్టరా పంతులుగారూ?" అని అడిగాడు. "దాని జోలికి నేను పోనురా" అన్నారు నాన్న. దక్షిణ కూడా తీసుకోలేదు. నలభై ఏళ్ళు ఎంతమంది బండ్ల మీదో ధీమాగా చెయ్యి వేసిన మనిషి, ఒక్క ఉత్తరంతో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దీన్ని ఏ సర్వేయర్ వచ్చి అంచనా వేస్తాడు?

నా పాత పెట్రోలు స్కూటర్ పశువుల పాకలో పడి ఉండేది. పక్క చక్రాల బండిని ఎవరూ కొనరు కాబట్టి అమ్ముడుపోక మిగిలింది. దాన్నే బాగుచేయించి మళ్ళీ ఎక్కాను. ఇంటి అరుగు పక్కన గోడకు ఎదురుగా నిలబెడతాం గనుక పొద్దున్నే దాన్ని వెనక్కి తియ్యాలి. మొదటి రోజు పక్కింటివాళ్ళను పిలవబోతే నాన్న వద్దన్నారు. కండువా నడుముకు చుట్టుకుని, వెనక కడ్డీ రెండు చేతులా పట్టుకుని లాగడం మొదలుపెట్టారు. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. నేను కూర్చున్న ఆ బండి అంగుళం అంగుళం కదులుతుంటే వెనక నుంచి ఆయన ఆయాసం నాకు వినిపిస్తుంది. రోజూ వద్దంటాను. రోజూ గొడవే.

నిన్న కూడా గట్టిగానే కసిరాను. ఆయన బండిని రోడ్డు దాకా తెచ్చి వదిలి, రొప్పుతూ నా పక్కకు వచ్చి నిలబడ్డారు. "నేనుండగా పరాయివాళ్ళ సాయం నీకెందుకే? నేనున్నన్నాళ్ళూ నేనే లాగుతాను" అన్నారు.

ఆయన లేని రోజుల కోసమే ఆ బటన్ కొనుక్కున్నాను. ఆ మాట గొంతు దాకా వచ్చింది. మింగేసి, బండి స్టార్ట్ చేసి బడికి వెళ్ళిపోయాను.